మొదటి మాట మాత్రమే

పోయిన ఆదివారం డబ్లిన్‌లో అక్క వాళ్ళింట్లో సోఫాలో కాళ్ళు ముడుచుకుని పెసరట్టు తింటున్నాను. టీవీలో ఏదో పాత ఇంగ్లీషు డిటెక్టివ్ సీరియల్ నడుస్తోంది. ఎవరూ చూడటం లేదు. పెద్ద బంగళా, బయట వాన, లోపల అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. తలుపు తెరుచుకుని బట్లర్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, పాతికేళ్ళు దాటి ఉండవు. చేతిలో వెండి పళ్ళెంతో నిలబడి, ఒక్క క్షణం ఆగి, "డాక్టరుగారు ఇక రారు మేడమ్" అన్నాడు. ఆ ఆగడం చూసేసరికి చేతిలో ముక్క నోటిదాకా వెళ్ళలేదు. నేను గుర్తుపట్టింది ముఖాన్ని కాదు, ఆ ఆగడాన్ని. "అక్కా, అంకుల్!" అని అరిచాను. అక్క అట్లకాడ పట్టుకునే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. తర్వాతి సీన్‌లో మెట్ల కింద చచ్చిపడి ఉన్నారు. "గింతేనా?" అంది అక్క. "గింతే" అన్నాను. అట్టు మాడిన వాసన వస్తున్నా ఇద్దరం అక్కడే ఉండిపోయాం.

అక్కంటే సొంత అక్క కాదు. అమెరికాలో ఎడారి మధ్య ఊరు చాండ్లర్‌లో నా మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు దొరికిన రూమ్మేట్. కరీంనగర్ మనిషి, చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నాది తెనాలి పక్కన. నేను మాట్లాడేది తక్కువ, తను మాట్లాడనిది తక్కువ. రోజూ డైరీలో రాసుకునే మాటల్లో పదోవంతు కూడా నా నోట్లోంచి బయటికి వచ్చేవి కావు. ఆఫీస్ కాల్‌లో నేను మాట్లాడుతూ ఉండగానే "నువ్వు మ్యూట్‌లో ఉన్నావు" అనేవాళ్ళు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. అదీ వాళ్ళకి వినపడేది కాదు. చివరికి నిజంగానే మ్యూట్ నొక్కేసి చాట్‌లో టైప్ చేయడం మొదలుపెట్టాను. సాయంత్రాలు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలలు, ఏసీ చప్పుడు, కిటికీ అవతల గడ్డికి బదులు పరిచిన కంకర, ఆ కంకర మీద గొప్ప పనేదో ఉన్నట్టు పరిగెత్తే కౌజు పిట్టలు. నాకు అది చాలనిపించేది.

మా లివింగ్ రూమ్ గోడకి అవతల ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. ఎదురుపడితే టోపీ కొంచెం ఎత్తేవారు, అంతే. ఒక సాయంత్రం ఆ గోడలోంచి "ఇక నిన్ను కాపాడేవాడు ఈ ఊళ్ళో లేడు" అని ఒక గొంతు వినపడింది. అరుపు కాదు. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లా, ఆయన లోపల ఎవర్నో చంపుతున్నడే. 911కి కొడ్దామా?"

"ఉండక్కా, నవ్వుతున్నారు."

"చంపినంక నవ్వుతున్నడు. గది ఇంకా డేంజర్."

మర్నాడు ఆయన పార్సిల్ ఒకటి పొరపాటున మా గుమ్మంలో పడితే, అది పట్టుకుని వెళ్ళమని అక్క నన్నే తోసింది. ఆ ఎండల్లో కూడా టై కట్టుకుని తలుపు తీశారాయన. నన్ను, పార్సిల్‌ని, మళ్ళీ నన్ను చూసి, "చదవడం వచ్చా?" అన్నారు. మాస్టర్స్ చేసినదాన్ని, తలూపాను. "పైకి?" అన్నారు. ఈసారి తల ఊగలేదు. అయినా ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టి లోపలికి రమ్మన్నారు. "సర్, నేను..." అంటుండగానే చెయ్యి అడ్డం పెట్టి, "ఆ బిరుదు ఇంగ్లండు రాణిగారే ఇవ్వలేదు, నువ్వెందుకు ఇస్తావు?" అన్నారు. మన అలవాటు కొద్దీ "అంకుల్" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ వేషం నాకెప్పుడూ రాలేదు. వేస్తాను" అన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. కానీ ఎందుకో నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

ఆ కాగితాలు ఆయన జీవితం. గంటసేపు ఒక్కరే నిలబడి చెప్పుకునేలా ఆయనే రాసుకున్నారు. ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు, తండ్రికి చేపల కొట్టు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన చెక్క వంతెన చివర ఒక నాటకశాల, ఆట మధ్యలో కాళ్ళ కింద అలల చప్పుడు. అక్కడ వారానికొక కొత్త నాటకం ఆడేవారట. పగలు వచ్చే వారం నాటకానికి రిహార్సల్, సాయంత్రం ఈ వారం నాటకం. ఏ వారంలో ఉన్నారో మర్చిపోయి, హత్య నాటకంలో పెళ్ళి నాటకం మాటలు చెప్పేవారట నటులు. కుర్రతనంలో ఈయనకి దొరికిన మొదటి పని పక్క తెర చాటున కూర్చుని మర్చిపోయినవాళ్ళకి మాట అందించడం. తర్వాత ఒక్క సీన్ పోలీసు, రెండు సీన్ల పాస్టరు, లండన్, టీవీలో బట్లర్లు, దుస్తుల విభాగంలో కోట్లు కుట్టే అమ్మాయితో పెళ్ళి, ఆ పైన అమెరికా. "ఈ దేశంలో నాలా మాట్లాడేవాడు సినిమాలో బాంబయినా పెట్టాలి, టీ అయినా పెట్టాలి" అనేవారు. రెండూ చాలాకాలం పెట్టారు. భార్య పోయాక కూతురు ఉండే ఊరని చాండ్లర్ వచ్చారు. కూతురిది కూడా అక్క పనిచేసే ఫ్యాక్టరీలోనే ఏదో పెద్ద ఉద్యోగం.

మాట అందించడం నాకు పూర్తిగా తెలియని సంగతి కాదు. మా అమ్మ వాళ్ళ పెదనాన్న పద్య నాటకాలకి ప్రాంప్టర్. ఆయన గొంతు ఎంత గట్టిదంటే, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ప్రతి మాటా రెండుసార్లు వినేవారట, ముందు ఆయన నోట, తర్వాత రాజుగారి నోట. కొందరికి ఆయనదే బాగుండేదని అమ్మ అంటుంది. ఇది చెబితే అంకుల్ చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నీకు ఆ గొంతు రాకపోవడం నా అదృష్టం" అన్నారు. అదేమిటో నాకు ఆ వారమే తెలిసింది.

ఒక మధ్యాహ్నం, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాను, గోడ అవతల అలారం మోగింది. టీకని కెటిల్ పొయ్యి మీద పెట్టి, మర్చిపోయి, నడకకి వెళ్ళిపోయారాయన. నీళ్ళన్నీ ఇగిరి, కెటిల్ అడుగు కాలి, మెట్ల నిండా పొగ. ఫైర్ ఇంజన్ వచ్చింది. ఆయన టోపీ పెట్టుకుని తాపీగా తిరిగొచ్చి, "ఎవరింట్లో?" అని అడిగారు. గంటలో కూతురు వచ్చింది. యాభై దాటిన మనిషి, ఫ్యాక్టరీ బ్యాడ్జ్ ఇంకా మెడలోనే ఉంది. మా తలుపు తీసే ఉంది, వాళ్ళిద్దరూ మెట్ల దగ్గరే మాట్లాడుకున్నారు.

"ఇది మొదటిసారి కాదు నాన్నా. మతిమరుపు ఉన్నవాళ్ళని చూసుకునే హోమ్ మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. ఒక గది ఖాళీ అయింది."

"కెటిల్‌ని మర్చిపోయాను. నన్ను నేను మర్చిపోలేదు."

"ఈ గోడల వెనక వేరేవాళ్ళు కూడా ఉంటున్నారు." ఆమె చెయ్యి మా గుమ్మం వైపు చూపించింది. నేను తల వంచుకున్నాను.

అప్పుడు ఆయన పందెం కాశారు. వసంతంలో ఊరి కమ్యూనిటీ సెంటర్ హాల్లో ఆ గంట ప్రదర్శన ఉంది. ఎక్కడా తడబడకుండా చెప్పగలిగితే తనని తన ఇంట్లో ఉండనివ్వాలి. ఒక్క చోట మర్చిపోయినా సూట్‌కేస్ తానే సర్దుకుంటారు. "వెనక నుంచి ఎవరైనా అందిస్తే?" అంది కూతురు. "నీకు వినపడితే నేను ఓడిపోయినట్టే." ఆమె వెళ్ళాక ఆయన మా గుమ్మం వైపు తిరిగారు. "నీ గొంతు నాకు తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ వినపడదు అమ్మాయీ. చూపు మందగించినా నా చెవులు మాత్రం గబ్బిలం చెవులు." పుట్టినప్పటి నుంచి లోపమని అందరూ చెప్పినదాన్ని ఒక మనిషి అర్హత కింద లెక్కవేయడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో నేను దేనికి ఒప్పుకున్నానో ఆలోచించలేదు. ఆలోచించింది అక్క.

"గెలిస్తే ఆయన గోడ అవతల్నే ఉంటడు. కెటిల్ కూడా గాడ్నే ఉంటది. నువ్వు ఏం గెలిపిస్తున్నవో సోచాయించినవానే?"

"ఆయన ఇల్లు అక్కా అది."

"ఇల్లే. కాలితే మందీ కాలుతది" అని, ఇంకా ఏదో అనబోయి, ఆయన కోసం తీసిపెట్టిన సకినాల డబ్బా నా చేతిలో పెట్టింది.

సాయంత్రాలు నేర్పేవారు. మొదటి మాట మాత్రమే అందించాలి. వాక్యమంతా ఇస్తే నటుడు నీ వెనకాల నడిచే బిచ్చగాడైపోతాడు. గొంతులో భావం ఉండకూడదు. జాలి అసలే ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆగిన చోట అందించకూడదు. ఒకరోజు భార్య సంగతి చెబుతూ ఆయన ఆగారు. నేను కంగారుపడి తర్వాతి మాట అందించేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఆ మౌనం నాది. అందులో కాలు పెట్టావు" అన్నారు. గొంతు పెంచలేదు, గోడలోంచి విన్న ఆ హంతకుడి గొంతు అది. నాకు ఏడుపొచ్చింది. ఆయన లేచి టీ పెట్టబోయి, నా వైపు చూసి, మానేసి, ఫ్రిజ్‌లోంచి నిమ్మరసం తెచ్చారు. అప్పుడు చెప్పారు తేడా ఎలా కనిపెట్టాలో. ఆగినవాడు ఊపిరి తీస్తూనే ఉంటాడు. మర్చిపోయినవాడికి ముందు ఊపిరి ఆగిపోతుంది. "కాగితం కేసి కాదు, నా చొక్కా గుండీ కేసి చూడు." ఆ రోజు నుంచి నేను ఆయన గుండీనే చూశాను. ఆయన ఊపిరితో పాటు నాదీ ఆడేది.

చలి పోయి దారులన్నీ నారింజ పూల వాసన వేసే రోజులు వచ్చేసరికి ఆ గుండీ ఆగే చోట్లు ఎక్కువయ్యాయి. నిన్న బాగా వచ్చింది ఇవాళ రాదు. లండన్ తర్వాత అమెరికాకి బదులు మళ్ళీ చేపల కొట్టుకి వెళ్ళిపోయేవారు. నేను గుసగుసగా ఒక మాట వదిలితే, తీగ దొరికిన చెయ్యిలా పట్టుకుని పైకొచ్చేవారు. ఎప్పుడూ తడబడనిది తండ్రి కథ ఒక్కటే. మొదటి పోలీసు వేషం చూడటానికి తండ్రి చేపల కొట్టు ముందుగానే కట్టేసి వచ్చాడట. ఇంటికెళ్ళి, టోపీ మేకుకి తగిలించి, కూర్చుని, ఒక్క మాట అన్నాడు. ఇక్కడ అంకుల్ కొంచెం ఆగేవారు. తర్వాత, "పోలీసువాడి బూట్లు అంత మురిగ్గా ఉండవురా." ఆ రోజు నుంచి ఏ వేషానికైనా, కాళ్ళు కనపడని వేషానికైనా, తన బూట్లు తానే తుడుచుకునేవారు. ఆ చోట నేను కాగితం వైపు కూడా చూసేదాన్ని కాదు.

ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండింది, ఎక్కువగా తెల్ల జుట్టువాళ్ళే. అక్క తన ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని వచ్చి మూడో వరసలో కూర్చుంది. పక్క తెర చాటున ఒక స్టూలు, చిన్న దీపం, నా ఒళ్ళో కాగితాలు. ఆయన ఒక మూల వంగి బూట్లు తుడుచుకుంటున్నారు. అంతలో కూతురు లోపలికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన నల్లటి కోటు. "అమ్మ కుట్టింది. స్టోరేజ్‌లో వెతికి తెచ్చాను" అంది. ఆయన చేతులు వెనక్కి చాపితే ఆమె తొడిగింది, మెడ దాకా గుండీలు పెట్టింది, భుజాల మీద దుమ్ము దులిపింది. ఆమె కళ్ళల్లో ఆయన ఓడిపోవాలన్న కోరిక నాకెక్కడా కనపడలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. ఆమె వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాక చూసుకున్నాను, ఆ కోటు బిరుసుగా, పలకలా ఉంది. లోపల మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో బయటికి తెలియదు.

మొదటి సగం నా అరచేతుల చెమటకి కాగితాలు మెత్తబడ్డాయి. ఆయన మాత్రం నీళ్ళలో చేపలా ఉన్నారు. బాంబు, టీ దగ్గర హాలంతా నవ్వింది. రెండు చోట్ల ఆయన కళ్ళు పక్కకి తిరిగితే ఒక్కో మాట వదిలాను, ముందు వరసలో ఎవరి తలా కదల్లేదు. మొదట్లో చెప్పే తండ్రి కథని చివర్లోకి జరిపి పెట్టుకున్నారు, నవ్వుతో ముగించాలని. కొట్టు కట్టేశాడు. ఇంటికొచ్చాడు. టోపీ తగిలించాడు. కూర్చున్నాడు. "ఒక్క మాట అన్నాడు."

ఆగారు.

ఇక్కడ ఆగాలి. రోజూ ఆగేవారే. నేను కోటు కేసి చూశాను. అది కదల్లేదు, ఇంతసేపూ కూడా కదల్లేదు. ఎవరో దగ్గారు. మౌనం రోజూ ముగిసే చోటు దాటిపోయింది. నా నాలుక మీద 'పోలీసువాడి' సిద్ధంగా ఉంది. ఆగారేమో. ఇవాళ హాలు నిండింది కదా, ఇంకొంచెం సాగదీస్తున్నారేమో. ఇప్పుడు అందిస్తే ఆయన జీవితంలో ఆఖరి మౌనంలో కాలు పెట్టినదాన్నవుతాను. అందించకపోతే? హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అందులో నా గొంతయినా సరే, ముందు వరసకి వినపడి తీరుతుంది. వినపడితే ఆయన ఇల్లు పోతుంది. నోరు తెరిచాను. అప్పుడే ఆయన మాట్లాడారు.

"ఏమన్నాడో ఇప్పుడు గుర్తులేదు" అన్నారు మెల్లగా, హాలు వైపు చూస్తూ. "చాలా మంచి మాట. నా జీవితమంతా దాని మీదే నిలబడ్డాను."

వంగి నమస్కరించారు. అందరూ లేచారు. చప్పట్లతో పాటు ముక్కులు చీదుకోవడం కూడా వినపడింది. నా ఒళ్ళో కాగితంలో ఆ వాక్యాలు లేవు.

తెర వెనక్కి జనం వచ్చారు. ముగింపు ఎంత బాగా రాశారు అన్నారు ఒకావిడ. అక్క కళ్ళు తుడుచుకుంటూ, "అంకుల్, యూ కిల్డ్ మీ" అంది. అందరూ తగ్గాక కూతురు మిగిలింది. ఆయన్ని కాదు, నన్ను అడిగింది. "ఈ కథ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇవాళ మార్చారా, మర్చిపోయారా? నీ దగ్గర కాగితం ఉంది. నువ్వు చెప్పు." ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "మార్చానని ఆయన చెబితే నమ్మేస్తాను. నమ్మాలనే ఉంది. అందుకే ఆయన్ని అడగడం లేదు."

మార్చారు అనడానికి ఒక్క మాట చాలు. కెటిల్ గుర్తొచ్చింది, మెట్ల మీద పొగ, అక్క మాట. టోపీ ఎత్తే ఆయన చెయ్యి, గోడ అవతల గొంతు, అవీ గుర్తొచ్చాయి. ఎప్పటిలాగే నా గొంతులోంచి ఏమీ రాలేదు. ఆమె ఎదురుచూస్తోంది. ఊపిరి ఆగిపోయింది నాకు.

నా వెనక నుంచి, ఆమెకి వినపడనంత మెల్లగా, భావం లేని గొంతుతో, జాలి అసలు లేని గొంతుతో, ఒక్క మాట వచ్చింది.

"మర్చి..."

"మర్చిపోయారు" అన్నాను. నాకే ఆశ్చర్యమేసేంత గట్టిగా.

కూతురు ముఖం చేతుల్లో దాచుకుంది. అంకుల్ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ, "శుభ్రంగా పలికావు అమ్మాయీ" అన్నారు. ఆ వారాంతం సూట్‌కేస్ ఆయనే సర్దుకున్నారు. బూట్ పాలిష్ డబ్బా మాత్రం చేతిలో పట్టుకుని కారెక్కారు. గోడ అవతలికి తర్వాత ఒక జంట వచ్చింది, వాళ్ళ టీవీ తప్ప ఏమీ వినపడేది కాదు. అక్క పెళ్ళి చేసుకుని డబ్లిన్ వెళ్ళిపోయింది. నేను చాండ్లర్‌లోనే ఉన్నాను. ఆఫీస్ కాల్స్‌లో మ్యూట్ అనడం మానేశారు. ఎప్పటి నుంచో నాకూ గుర్తులేదు.

డబ్లిన్ నుంచి తిరిగొచ్చి, నిన్న శనివారం హోమ్‌కి వెళ్ళాను. ఇప్పుడు నన్ను గుర్తుపట్టరు, కానీ మర్యాదగా కుర్చీ చూపిస్తారు. కాళ్ళకి చెప్పులు చాలని నర్సులు ఎంత చెప్పినా బూట్లే వేసుకుంటారట. పొద్దున్నే తుడుస్తారు, ఎందుకో అడిగితే చెప్పలేరు. ఫోన్‌లో ఆ సీరియల్ వెతికి చూపించాను. బంగళా, వాన, తలుపు, పళ్ళెంతో కుర్రాడు. కుర్రాడు ఆగాడు. నేను ఆయనకి చెప్పబోయాను, అది మీరే అని. ఆయన చటుక్కున వేలెత్తి నన్ను ఆపారు. కళ్ళు తెర మీదే ఉన్నాయి.

"అందించకు" అన్నారు. "మర్చిపోలేదు అతను. ఆగాడు."

కుర్రాడు తన మాట తాను చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన తృప్తిగా తలూపి, మెరిసే బూట్లు రెండూ జతగా ఆనించి కూర్చున్నారు. కాలం ఆయన దగ్గర్నుంచి ఒక్కొక్క మాటే పట్టుకుపోతోంది. వెళ్తూ వెళ్తూ ప్రతిదాంట్లోనూ మొదటి మాట మాత్రం నా దగ్గర వదిలేస్తోంది. ఎప్పుడు అందించాలో మాత్రం చెప్పడం లేదు.